అప్పలసూరి అచ్చులు

నేను తెలుగుకు ద్రోహం చేశానని ఎవరైనా అంటే వాళ్ళ నాలుక పుచ్చిపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ భాషకు ఊడిగం చేస్తున్నాను. జీతం తీసుకునే చేస్తున్నాననుకోండి, అది వేరే సంగతి. నా పేరు తాటిపర్తి సోమయాజులు. మేధోసంపద అప్పీళ్ళ మండలిలో అనువాద విభాగానికి పర్యవేక్షకుణ్ణి. ఈ వ్యవహారంలో జరిగిన ప్రతి ఘోరమూ నా చేతిరాతతోనే మొదలైంది గనుక నేను చెబితేనే సబబుగా ఉంటుంది.

ఆ ఏడాది ఎవరో మా మండలి అధ్యక్షులు కోదండపాణి గారికి భాషాభిమాని అని శాలువా కప్పారు. శాలువా కప్పితే ఊరుకునే మనిషి కాదాయన. తెల్లారేసరికి సంపూర్ణాంధ్ర ఉత్తర్వు జారీ చేశారు. ఇకమీదట మా ఫైళ్ళలో ఒక్క ఇంగ్లీషు ముక్క ఉండకూడదు. ప్రతి మాటకూ ఒకే ఒక్క తెలుగు మాట. నేను అనువాదం చేసి సంతకం పెట్టగానే అదే మూలం అవుతుంది. అసలు కాగితాన్ని మాత్రం, ఎవరికీ తొంగిచూడాలనే దుర్బుద్ధి పుట్టకుండా, ముక్కలుగా చింపెయ్యాలి.

ఆ ఉత్తర్వు కింద నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు పొట్నూరు అప్పలసూరిది.

అప్పలసూరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మందుసీసాల మూతలు తయారుచేసే మోల్డింగ్ మిషన్లు రెండు. రెండు ఇనప సగాలు దగ్గరికొచ్చి మూసుకుంటాయి, మధ్యలోకి కరిగిన ప్లాస్టిక్ దిగుతుంది, సగాలు విడిపోగానే ఆడవాళ్ళు చెయ్యి పెట్టి మూత తీస్తారు. తీయడంలో రవ్వంత ఆలస్యమైతే మూతతోపాటు వేలు కూడా వస్తుంది. అప్పలసూరి ఒక మిషనుకు స్ప్రింగుతో చిన్న రేకు బిగించాడు. ఇనుము మూసుకునేలోగా ఆ రేకు ముందు దిగుతుంది. దానికి చెయ్యి తగిలిందా, ఇనుము ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. దానికి అతను పెట్టిన పేరు రెప్ప.

దానికి పేటెంటు అడిగితే గండభేరుండ పాలిమర్స్ అనే పెద్ద కంపెనీ అడ్డు తగిలింది. ఇలాంటిది తమ దగ్గర ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇందులో కొత్తేమీ లేదని వాదించింది. ఇంగ్లీషులో దీన్ని ప్రయర్ ఆర్ట్ అంటారు. కింది ఆఫీసు కంపెనీ మాటే నమ్మింది. అప్పలసూరి మా దగ్గరికి అప్పీలుకొచ్చాడు. అది తేలేదాకా రెప్ప ఉన్న మిషనుకు లక్క సీలు వేయించింది కంపెనీ.

"బాబూ, మీరు బేగి తేల్చీయాల," అన్నాడు అప్పలసూరి మొదటి రోజు, నా బల్ల ముందు నిలబడి. "ఆడోళ్ళు మళ్ళీ పాత మిసను మీదే సేస్తన్నారు. అది మూసుకున్న పెతిసారీ నా గుండె గుభేలంటాది. పేటెంటొస్తే ఆటోనగరంతటికీ రెప్ప ఊరికినే ఇచ్చీస్తాను. కంపినీ గెల్సిందంటే నాది దొంగసరుకని ఇరగ్గొట్టించీస్తాది."

"ఇరగ్గొట్టించడం దేనికి?"

"రెప్పనేది ఒకటున్నాదని ఊరికి తెలిస్తే, మీ మిసనుకెందుకు లేదర్రా అని ఆళ్ళని అడగరేటి?"

"అధైర్యపడకు. నీ ఫైలు స్వచ్ఛమైన తెలుగులోకి వస్తోంది," అన్నాను. పాపం, దణ్ణం పెట్టాడు.

కలం తీసుకున్నాను. ప్రయర్ అంటే పూర్వం, ఆర్ట్ అంటే కళ. పూర్వ కళ. ఇన్వెంటివ్ స్టెప్ అంటే నవకల్పనా అడుగు. మోల్డింగ్ మిషను అచ్చు యంత్రం. ఇంజెక్షన్ మోల్డింగ్ దగ్గర నా చెయ్యి కాస్త ఆగిన మాట నిజమే. నిఘంటువు తీసి చూస్తే ఇంజెక్షన్ అంటే సూదిమందు అని ఉంది. నిఘంటువు కన్నా నేను గొప్పవాణ్ణా? సూదిమందు అచ్చు అని రాసి, సంతకం పెట్టి, అసలు కాగితాన్ని చక్కగా చింపేశాను.

మొదటి విచారణ నాటికే ఆరోగ్య శాఖనుంచి ఒక లేఖ వచ్చి ఉంది. సదరు సూదిమందు ఏ వయసు పిల్లలకు వేయవలెనో తెలుపగలరు అని. దాన్ని పక్కన పెట్టి అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"అప్పీలుదారుని నవకల్పనా అడుగు ప్రస్తావనార్హం. ఇందుమూలముగా మండలి అడుగుచున్నది. సదరు అడుగు ఎన్ని అంగుళములు?"

అప్పలసూరి నావైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను.

"రెప్పా బాబూ? జానెడుంటాది. తొమ్మిదంగుళాలు."

కంపెనీ లాయరు రాజశేఖరం చటుక్కున లేచాడు. "ప్రభూ, అడుగు అన్నారు, తొమ్మిదంగుళాలే ఉంది. అడుగే లేని చోట నవకల్పన ఎక్కడిది?"

"మూడంగుళముల లోటును పూరించుటకు అప్పీలుదారునికి నెల గడువు," అన్నారు అధ్యక్షులు.

నెల తిరిగాక అప్పలసూరి మూడంగుళాల రేకు ముక్కొకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. మండలి దాన్ని టేపుతో కొలిచి తృప్తిపడింది. నిజం చెప్పొద్దూ, మా ఆఫీసులో ఒక లోటు అంత తొందరగా భర్తీ కావడం నేనెప్పుడూ చూడలేదు.

తరవాత పూర్వ కళ వంతు వచ్చింది. కళ అన్నాక కళల శాఖను అడగకుండా ఎలా? వాళ్ళ అభిప్రాయం కోసం మూడు నెలలు ఆగాం. చివరికి ఒక తోలుబొమ్మలాట బృందాన్ని పంపారు. కోర్టు హాల్లో తెర కట్టారు, దీపాలు పెట్టారు, మద్దెల మోగింది. నవ్వించే బొమ్మ జుట్టు పోలిగాడు వచ్చి చప్పట్లు కొట్టాడు. అధ్యక్షులవారు కూడా కొట్టారు.

రాజశేఖరం ఆ చప్పట్ల మీదే పట్టుకున్నాడు. "ప్రభూ, గమనించాలి! రెండు చేతులు. అవి దగ్గరికొస్తాయి, కలుస్తాయి, విడిపోతాయి. అప్పీలుదారుడి యంత్రం చేసేది ఇదే కదా? పూర్వ కళలో ఇది వందల ఏళ్ళుగా ఉంది!"

"అదేటి బాబూ!" అప్పలసూరి ఉండబట్టలేకపోయాడు. "అది తోలుబొమ్మ. దాని సప్పట్ల మద్దిన ఏలెట్టినా ఏటీ అవదు!"

"విన్నారా ప్రభూ? వేలికి హాని కలగని ఏర్పాటు కూడా పూర్వ కళలో ఉన్నదని అప్పీలుదారుడే ఒప్పుకున్నాడు!"

అప్పలసూరి మొహం పాలిపోయింది. నాకైతే, దాచడమెందుకు, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది ఈ తంతంతా అనిపించింది. అయితే ఆ రోకలి నేను ఇచ్చిందే. అధ్యక్షులవారు అప్పీలు కొట్టేయడానికి కలం మూత తీశారు.

అప్పుడు మా భాషా సలహాదారు విద్వాన్ పరాత్పరశర్మ గారు లేచారు. ఆయన మా మండలిలో చేరి ఏడేళ్ళయింది, అంతవరకు లేచింది భోజనానికే.

"అయ్యా, మూలప్రశ్న మిగిలిపోయింది. అచ్చు అనగానేమి?"

అధ్యక్షులవారు కలం పక్కన పెట్టారు.

"అచ్చు అనగా స్వరం. అ ఆ ఇ ఈ మొదలుగా పదహారు. హల్లు కానిది అచ్చు. మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఫైలు శీర్షిక ఏమని ఉంది? అచ్చుల మీద హక్కు. మరి మనం ఈ ఇనప సామాను గొడవలో ఎందుకు పడ్డాం?"

అధ్యక్షులవారి కళ్ళు చెమ్మగిల్లాయి. "శర్మగారూ, తొమ్మిది నెలలుగా ఈ మండలి చీకటిలో తడుములాడినది. మీరు దీపము చూపితిరి," అని రాజశేఖరం వైపు తిరిగారు. "అకారము మొదలు ఔకారము వరకు గల అచ్చులపై మీ కంపెనీకి ఏమైనా హక్కు కలదా?"

రాజశేఖరం పగలబడి నవ్వాడు. అ ఆలు పెట్టుకుని కంపెనీ ఏం చేసుకుంటుంది? అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. 'అచ్చులపై మా కంపెనీకి ఏ హక్కూ లేదు, ఇకమీదట కోరబోదు.'

పోటీ లేదు. ఇంకేముంది? సదరు పదహారు అచ్చులపై సర్వహక్కులు పొట్నూరు అప్పలసూరికి ఇరవై ఏళ్ళపాటు దఖలుపరచడమైనది అని తీర్పు వచ్చింది.

"మరి నా మిసను బాబూ?" అన్నాడు అప్పలసూరి.

"యంత్రము గురించి ఫైలులో ఏమియు లేదు," అన్నారు అధ్యక్షులు. "ఉన్నవి అచ్చులే. సీలు విషయమై వేరుగా అప్పీలు చేసుకొనవచ్చును."

అప్పలసూరి పత్రం మడిచి పట్టుకుని వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగుతుంటే నేను కిటికీలోంచి చూశాను, పిలుద్దామనుకున్నాను. ఏమని పిలుస్తాను?

ఆ మర్నాడే మా ఆడిటరు అభ్యంతరం లేవదీశాడు. హక్కుదారు అనుమతి లేకుండా మండలి అచ్చులు వాడుతోంది. ఒక్క తీర్పులోనే నాలుగు వందల పన్నెండు అచ్చులు వాడేసింది. ఎవరి హక్కులను కాపాడాలో ఆ మండలే దొంగతనం చేస్తే ఎలా? అధ్యక్షులవారు వణికిపోయి, ఇకపై రాతకోతలన్నీ హల్లులతోనే అన్నారు. హల్లులంటే క, గ కూడా పనికిరావని శర్మగారు హెచ్చరించారు. క అన్నా అందులో అకారం నక్కి ఉంటుందిట. తలకట్టు తీసేసి పొల్లు పెట్టాలి. తలకట్టు తీసెయ్యాలని ఉత్తర్వు చదవగానే మా డఫేదారు తలపాగా విప్పి సొరుగులో పెట్టాడు.

రెండో రోజుకి ఆఫీసు ఆఫీసులా లేదు. ఒక గుమాస్తా సెలవు చీటీ పెట్టాడు. 'న్ క్ క్ క్ క్ క్ ట్' అని ఉంది. టైపు మిషను పాడైందేమో అనుకుని అధ్యక్షులవారు మెకానిక్కును పిలిపించారు. నాకు కుక్క కాటు అని రాశాడా పాపిష్టివాడు! సాయంత్రానికి గానీ తేలలేదు, అప్పటికి అతని కాలు మేజోడు పట్టనంత వాచిపోయింది.

మూడో రోజు న్యాయ సలహా వచ్చింది. అచ్చును నోటితో పలికినా వాడినట్టే. దాంతో నోళ్ళు కూడా మూతపడ్డాయి. మెట్లమీద జారిపడ్డ టైపిస్టు అమ్మా అనలేక "మ్మ్! మ్మ్!" అని మూలిగింది. ఊఁ కొట్టే వీలు కూడా లేదు, ఊఁ అచ్చే కదా. అధ్యక్షులవారికి ఇంటినుంచి ఫోనొచ్చింది, సాయంత్రం వంకాయ వండమంటారా, బెండకాయ వండమంటారా అని. ఆయన చెమటలు కక్కుతూ "వ్... వ్... క్... య్" అన్నారు. అవతల అమ్మగారు భయపడి అంబులెన్సు పంపించారు.

అనుమతి అడిగితే పోయేది కదా అంటారేమో. అడిగాం. అధ్యక్షులవారు స్వహస్తాలతో, ఒక్క అచ్చు లేకుండా, రెండు పేజీల విన్నపం రాసి అప్పలసూరికి పంపారు. అతను దాన్ని ఏదో మిషను స్పేరు పార్టుల నంబర్లనుకుని గోడకు తగిలించుకున్నాడు.

ఏడో రోజు పొద్దున్నే అప్పలసూరి ఆఫీసుకొచ్చాడు. జుట్టు రేగిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను లేచి నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"మాటాడండి బాబూ. మీరు మాటాడితే నాకేటి పోద్ది?"

హక్కుదారు నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాను. "ఏమయ్యింది అప్పలసూరీ?"

"రెండేళ్ళు ఎలిపోనాయి బాబూ."

నాకు ఒళ్ళు మండింది. వారంగా మేం నానా యాతనా పడుతుంటే లెక్కలు కూడా సరిగా చెప్పడేం! "రెండేళ్ళెక్కడివయ్యా? నీ అప్పీలు పడి పది నెలలు కూడా నిండలేదు. కావాలంటే రిజిస్టరు చూపిస్తాను రా."

"సమ్మచ్చరాలు కాదు బాబూ." ఎడమచెయ్యి ఎత్తి వేళ్ళు చూపించాడు. "సేతి ఏళ్ళు. మా సెడ్డులో సేసే పైడితల్లివి. నిన్న మద్దేనం, పాత మిసను కాడ. పక్కన రెప్ప మిసనుంది. సీలుంది దానికి."

రిజిస్టరు పక్కకు తోసేశాను. ఇరవై ఆరేళ్ళలో ఎన్నో మాటలకు తప్పు అర్థాలు రాశాను గానీ, ఒక మాట తప్పుగా వినబడినందుకు ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఛీ, నా బతుకు! అతని భుజం పట్టుకుని తిన్నగా అధ్యక్షులవారి గదిలోకి తీసుకెళ్ళాను. శర్మగారు అక్కడే ఉన్నారు.

అప్పలసూరి తీర్పు పత్రాన్ని బల్లమీద పెట్టాడు. "ఈ పదారచ్చులూ మీరే ఉంచీసుకోండి బాబూ. నా ఒక్క అచ్చు నాకిచ్చీయండి."

అధ్యక్షులవారు పత్రం మీదికి ఉరకబోయి, మళ్ళీ నిభాయించుకుని, కాగితం మీద 'స్ ల్ త్ య్ ట్ క్ న్ బ్ న్ ధ్ న్ ద్' అని రాశారు. సీలు తీయుటకు నిబంధన ఏది అని.

"ఉంది," అన్నాను గట్టిగా. గది ఉలిక్కిపడింది. "అచ్చులపై మా కంపెనీకి ఏ హక్కూ లేదు, ఇకమీదట కోరబోదు అని లాయరుగారు సంతకం పెట్టి మరీ ఇచ్చారు. అచ్చు అంటే మోల్డు అని కూడా అర్థం ఉందండీ."

ఇంగ్లీషు ముక్క! ఆ గదిలో! డఫేదారు చెవులు మూసుకున్నాడు. శర్మగారు మాత్రం కళ్ళు మూసుకుని, తెరిచి, తల ఊపారు. నానార్థాలు ఒప్పుకోకపోతే ఆయన పాండిత్యానికే ముప్పు. కంపెనీ తన చేత్తో తనే అభ్యంతరం వదులుకున్నట్టు తేలింది. పేటెంటు అప్పలసూరికి, సీలు తీయడానికి ఉత్తర్వు. అచ్చులను మండలికి తిరిగి ఇచ్చినట్టు ఒక దస్తావేజు రాసి, అప్పలసూరి దానిమీద వేలిముద్ర వెయ్యగానే రెండూ అమల్లోకి వస్తాయి.

సిరా బిళ్ళ తెప్పించాను. "కుడి బొటనవేలు," అన్నాను.

అప్పలసూరి కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. బొటనవేలు లేదు. ఉండాల్సిన చోట నున్నటి బుడిపె ఉంది.

"ముప్పై ఏళ్ళయింది బాబూ, మిసను తినీసి. రెప్ప మరెందుకు సేసినాననుకున్నారు?"

తొమ్మిది నెలలు నా ముందు నిలబడ్డ మనిషి. అడుగు కొలిచాం, అచ్చులు లెక్కపెట్టాం. ఆ చెయ్యి మాత్రం మాలో ఒక్కడూ చూడలేదు.

అధ్యక్షులవారు నిబంధనల పుస్తకం తిరగేసి ఒక చోట వేలు పెట్టి చూపించారు. కుడి బొటనవేలు లేనివారు, తమకు సదరు వేలు లేదని ధ్రువీకరిస్తూ, అదే వేలి ముద్ర వేయవలెను.

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. అనువాదం నాదే. తరవాత నా కుడి బొటనవేలు సిరాలో అద్ది, దస్తావేజు మీద, పొట్నూరు అప్పలసూరి అన్న పేరు కింద, అదిమి వేశాను. అధ్యక్షులవారు "ఆఁ!" అన్నారు. నాలుగు రోజుల తరవాత ఆయన నోట వచ్చిన మొదటి అచ్చు అది.

ఆ సాయంత్రమే లక్క పగలగొట్టారు. ఇప్పుడు ఆటోనగర్‌లో పదకొండు షెడ్లలో రెప్పలున్నాయి.

నాకు సస్పెన్షను వచ్చింది, దానికి నాకేం బాధ లేదు. సదరు వేలిముద్రలో దోషం ఉందో లేదో తేల్చమని విచారణ వేశారు. నా సీట్లో కొత్తగా వచ్చినాయన నిఘంటువు తీసి ముద్ర అన్న మాట చూశాడు. మొన్న నృత్య అకాడమీనుంచి ఇద్దరు గురువులొచ్చి నన్ను నిలబెట్టి, నా చెయ్యి పట్టుకుని, పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తమన్నారు. అది శిఖర ముద్ర అని, ఈ వయసులో ఇంత స్పష్టంగా పట్టడం అరుదని మెచ్చుకుని, సదరు హస్తము నిర్దోషము అని నివేదిక రాసి ఇచ్చారు.

పైడితల్లిని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ నివేదిక సంగతి నేను చెప్పలేదు.